కుక్కలకూ పిల్లులకూ అప్పర్ ఎండోస్కోపీ: కొత్తగా స్కోప్ పట్టే వెట్స్ కోసం సమగ్ర మార్గదర్శి

చెన్నైలో వేపేరి చుట్టుపక్కల ఏ పెట్ క్లినిక్‌కి వెళ్లినా వెయిటింగ్ హాల్లో తెలుగు వినిపిస్తుంది. ఇక్కడే స్థిరపడినవాళ్లు కొందరు. సూళ్లూరుపేట, గూడూరు, నెల్లూరు నుంచి కుక్కనో పిల్లినో కార్లో వేసుకుని వచ్చేవాళ్లు ఇంకొందరు. 1903లో మొదలైన మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడైతే పెద్ద పరీక్షలు జరుగుతాయని వాళ్ల నమ్మకం. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలో చదివి ఇక్కడ ఉద్యోగంలో చేరిన కుర్ర డాక్టర్లు కూడా చాలామందే ఉన్నారు. నోటి గుండా కెమెరా గొట్టం (స్కోప్) పంపి అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం చూసే అప్పర్ ఎండోస్కోపీ నేర్చుకోవాలని వాళ్లకి గట్టిగా ఉంటుంది. ఈ వ్యాసం వాళ్ల కోసం.

ముందుగా ఒక విషయం. తెర మీద కనిపించే బొమ్మ రోగనిర్ధారణ కాదు. చూడటానికి మామూలుగా ఉన్న పేగులో తీవ్రమైన జబ్బు ఉండొచ్చు, ఎర్రగా కనిపించిన పొర మైక్రోస్కోప్ కింద మామూలుగానే ఉండొచ్చు. మింగిన వస్తువు తీయడానికి వెళ్లిన కేసుల్ని పక్కన పెడితే, మనం లోపలికి వెళ్లేది మంచి కణజాలం ముక్కలు తేవడానికే. ఈ సంగతి మనసులో ఉంటే ఉపవాసం నుంచి లేబుల్ రాయడం దాకా ప్రతి పనినీ ఎంత జాగ్రత్తగా చేయాలో దానంతటదే తెలుస్తుంది.

స్కోప్ కంటే ముందు చేయాల్సినవి

వారాల తరబడి వాంతులు, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మింగలేకపోవడం, ఏదో మింగిందన్న అనుమానం: ఇవీ మామూలుగా మనల్ని స్కోప్ దాకా తీసుకెళ్లే కారణాలు. కానీ దీర్ఘకాలిక వాంతుల కేసుల్లో చాలావాటికి స్కోప్ అవసరమే రాదు. మల పరీక్ష, నులిపురుగుల మందు, రక్త పరీక్షలు, తర్వాత కచ్చితంగా పాటించిన డైట్ ట్రయల్ (ఎంచిన ఆహారం ఒక్కటే పెట్టి చూడటం) కావాలి. ఆహారం వల్ల వచ్చిన జబ్బయితే ఎక్కువ శాతం కుక్కలు రెండు వారాల్లోనే తేడా చూపిస్తాయి. "చెప్పిన డైటే పెడుతున్నామండీ, మధ్యలో కాస్త పెరుగన్నం, అంతే" అని ఓనర్ అంటే ఆ ట్రయల్ జరగనట్టే లెక్క. మళ్లీ మొదలుపెట్టించండి.

కిడ్నీ, లివర్ విలువలు చూడకుండా మత్తు ఇవ్వకండి. వర్షాకాలంలో లెప్టోస్పైరోసిస్‌తో కిడ్నీ దెబ్బతిన్న కుక్క కూడా వాంతులతోనే వస్తుంది. అడిసన్స్ జబ్బు (అడ్రినల్ గ్రంథి హార్మోన్లు తగ్గిపోవడం) కడుపు జబ్బులా కనిపించి మోసం చేస్తుంది కాబట్టి అనుమానం ఉంటే కార్టిసాల్ చూడండి. వయసు మీరిన పిల్లిలో థైరాయిడ్, బి12 చూడాలి. బి12 తక్కువుంటే ముందే ఇంజెక్షన్లు మొదలుపెట్టొచ్చు.

మన ప్రాంతంలో ఇంకో మెట్టు తప్పనిసరి: ప్లేట్‌లెట్లు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా ఇక్కడ ఎంత మామూలో మీకు తెలుసు. పైకి చలాకీగా ఉన్న కుక్కలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు. 50,000 కంటే తక్కువుంటే బయాప్సీ వాయిదా వేసి ముందు దాని సంగతి చూడటం మంచిది. అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) బాగా తక్కువున్న కుక్కలో మాత్రం ఆలోచన ఇంకోలా ఉండాలి. కడుపు కోసి పేగు ముక్క తీస్తే కుట్లు సరిగ్గా మానవు, అలాంటి చోట స్కోప్‌తో తీసే చిన్న ముక్కలే సురక్షితం.

స్టెరాయిడ్ గురించి గట్టిగా చెప్పాలి. వాంతులు ఆగడం లేదని బయట ఎక్కడో ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టేసి, తగ్గకపోతే మన దగ్గరికి పంపుతారు. స్టెరాయిడ్ పడిన పేగులో వాపు తగ్గిపోతుంది, లింఫోమా (ఒక రకం క్యాన్సర్) కణాలు కూడా తాత్కాలికంగా కరిగిపోవచ్చు. అప్పుడు తీసిన ముక్కలు చూసి పాథాలజిస్ట్ ఏం చెప్పగలరు? పాత చీటీలన్నీ అడిగి చూడండి. ఇంజెక్షన్ పేరు ఓనర్‌కి తెలియకపోతే ఆ క్లినిక్‌కే ఫోన్ చేసి కనుక్కోండి.

పరికరం ఎంపిక

మన దగ్గర చాలా క్లినిక్‌లలో ఉన్నవి మనుషుల కోసం తయారైన గ్యాస్ట్రోస్కోపులే, అందులోనూ సెకండ్ హ్యాండ్‌వే ఎక్కువ. దాంట్లో తప్పేం లేదు. కొనేముందు మూడు కొలతలు అడగండి. బయటి మందం 8 నుంచి 9 మి.మీ. లోపు ఉంటే పెద్ద పిల్లులకీ చాలా కుక్కలకీ సరిపోతుంది. పనిముట్లు వెళ్లే చానల్ 2.8 మి.మీ. ఉండాలి, ఎందుకంటే ముక్క సైజు ఆ చానల్ మీదే ఆధారపడి ఉంటుంది. 5, 6 మి.మీ. సన్నటి స్కోపులు పిల్లి పిల్లల్లోకి హాయిగా వెళ్తాయి కానీ వాటి చానల్ 2 మి.మీ. మాత్రమే, ముక్కలు చిన్నవి వస్తాయి. ఇక పొడవు. మనుషుల స్కోప్ పనికొచ్చే పొడవు సుమారు ఒక మీటరు. గ్రేట్ డేన్‌లాంటి కుక్కలో అది పైలోరస్ (జీర్ణాశయం నుంచి పేగులోకి వెళ్లే ద్వారం) దగ్గరికి వచ్చేసరికే అయిపోతుంది, 140 సెం.మీ. ఉంటే నిశ్చింత.

చివర నాలుగు దిక్కులకూ తిరగాలి, పైకి కనీసం 180 డిగ్రీలు వంగాలి. సెకండ్ హ్యాండ్ స్కోప్ అయితే డబ్బు కట్టేముందు లీక్ టెస్ట్ మీ కళ్ల ముందే చేయించండి. కరెంటు పోతే తెర ఆరిపోతుంది, స్కోప్ మాత్రం లోపలే ఉంటుంది. ప్రాసెసర్‌కి, లైట్ సోర్స్‌కి, సక్షన్‌కి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి.

ముందు రోజు, ఆ ఉదయం

ఘనాహారం 12 నుంచి 18 గంటలు ఆపాలి, నీళ్లు ఓ నాలుగు గంటలు. కుక్కపిల్లలకీ పిల్లికూనలకీ టాయ్ బ్రీడ్లకీ షుగర్ పడిపోకుండా ఈ సమయం తగ్గించాలి. జీర్ణాశయం ఆలస్యంగా ఖాళీ అవుతుందని అనుమానముంటే పెంచాలి. ఇంట్లో పిల్లలు బిస్కెట్ పెట్టారేమో, వంటింట్లో చెత్తబుట్ట తెరిచి ఉందేమో పేరుపేరునా అడగండి. బేరియం తాగించి ఎక్స్‌రే తీసి ఉంటే కనీసం 24 గంటలు ఆగాలి. లేకపోతే తెల్లటి పూత తప్ప ఏమీ కనిపించదు, చానల్ కూడా మూసుకుపోవచ్చు. సుక్రాల్‌ఫేట్ (పుండ్ల మీద పూతలా పట్టే మందు) కూడా ముందు రోజే ఆపేయండి.

మింగిన వస్తువు కేసయితే నిన్నటి ఎక్స్‌రే మీద ఆధారపడొద్దు. మత్తు ఇవ్వడానికి సరిగ్గా ముందు ఇంకోటి తీయండి. రాత్రికి రాత్రి వస్తువు పేగులోకి జారిపోయి ఉంటే స్కోప్‌తో వెతకడం దండగ.

మత్తు, పడుకోబెట్టే తీరు

జనరల్ అనస్థీషియా, శ్వాసనాళంలో కఫ్ (గాలితో ఉబ్బి నాళాన్ని మూసే బెలూన్) ఉన్న ట్యూబ్. ఇందులో రాజీ లేదు. మెలకువగా ఉన్న జంతువు స్కోప్‌ని కొరికితే పరికరం పోతుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణమే పోతుంది. వాంతులు ఆపే మారోపిటాంట్ కిలోకి 1 మి.గ్రా. చొప్పున గంట ముందు ఇస్తే ప్రీమెడికేషన్ (మత్తుకి ముందిచ్చే మందులు) వల్ల వచ్చే వాంతులు తగ్గుతాయి. మార్ఫిన్, అట్రోపిన్ కలిపి వాడితే పైలోరస్ దాటడం కష్టమవుతుంది, బ్యూటార్ఫనాల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. నైట్రస్ ఆక్సైడ్ గాలి నిండిన జీర్ణాశయంలోకి చేరి దాన్ని ఇంకా ఉబ్బిస్తుంది కాబట్టి వద్దు. పగ్, షిట్జు, పర్షియన్ పిల్లులకు మత్తు దిగే సమయంలో ప్రత్యేకంగా ఒక మనిషి పక్కనే ఉండాలి.

ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అప్పుడు ఏంట్రమ్ (పైలోరస్‌కి ముందున్న జీర్ణాశయ భాగం), పైలోరస్ పై వైపుకి వస్తాయి, గాలి అటు చేరి దారి తెరుచుకుంటుంది, ద్రవాలు కిందికి జారతాయి. కుడి పక్కకి పడుకోబెడితే పైలోరస్ నీళ్లలో మునిగి కనిపించదు.

మౌత్ గ్యాగ్ లేకుండా స్కోప్ పెట్టొద్దు. పిల్లుల విషయంలో మాత్రం స్ప్రింగ్ గ్యాగ్‌తో నోరు పూర్తిగా తెరిచి ఉంచకండి. దవడ అంతగా తెరుచుకుంటే మెదడుకీ కంటికీ రక్తం అందించే మాక్సిలరీ ధమని నొక్కుకుపోతుంది. మత్తు దిగాక పిల్లి గుడ్డిదైపోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. సిరంజి గొట్టాన్ని పొట్టిగా కోసి కోర పళ్ల మధ్య పెడితే సరిపోతుంది.

క్యాప్నోగ్రాఫ్ (ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ కొలిచేది), పల్స్ ఆక్సీమీటర్, బీపీ మూడూ ఉండాలి. మీన్ ప్రెషర్ 60 కంటే తగ్గకూడదు. మనం తెర వైపు చూస్తుంటాం కాబట్టి మానిటర్ చూసే బాధ్యత ఇంకొకరిదే. పొట్ట మీద అప్పుడప్పుడు చెయ్యేసి బిగువు చూడమని వాళ్లకి ముందే చెప్పండి.

స్కోప్ లోపలికి: అన్నవాహిక

కంట్రోల్ భాగం ఎడమ చేతిలో ఉంటుంది. బొటనవేలు పెద్ద చక్రం (చివరని పైకీ కిందికీ వంచేది) మీద, చూపుడు వేలు సక్షన్ మీద, మధ్య వేలు గాలి, నీళ్ల వాల్వ్ మీద. ఆ వాల్వ్ రంధ్రాన్ని మూస్తే గాలి వెళ్తుంది, లోపలికి నొక్కితే లెన్స్ మీద నీళ్లు పడతాయి. కుడి చెయ్యి స్కోప్‌ని తోయడానికి, మెలితిప్పడానికి. కొత్తలో అందరూ పక్కలకి తిప్పే చిన్న చక్రంతో కుస్తీ పడతారు. దాన్ని దాదాపు మరిచిపోండి. పెద్ద చక్రం తిప్పుతూ కుడి చేత్తో స్కోప్‌ని మెలితిప్పితే చాలావరకు ఎటైనా వెళ్లొచ్చు.

జెల్ గొట్టానికి రాయండి, లెన్స్‌కి కాదు. తల, మెడ చాచి, స్వరపేటికకు పైనుంచి నడిమధ్యగా వెళ్లండి. ట్యూబ్ కఫ్ గట్టిగా ఉబ్బి అడ్డం వస్తే కాస్త తగ్గించి, దాటాక మళ్లీ నింపమనండి. అన్నవాహికలోకి రాగానే కొద్దిగా గాలి వదలండి, ముందున్న దారి గుండ్రంగా తెరుచుకుంటుంది. ఇక్కడి నుంచి చివరిదాకా ఒకే నియమం: దారి కనిపిస్తేనే ముందుకి. తెరంతా ఎర్రగా అయిపోతే చివర గోడకి ఆనిందన్నమాట. ఆగి, కొంచెం వెనక్కి లాగి, గాలి వదిలి, మళ్లీ దారి చూడండి.

మామూలు అన్నవాహిక లేత గులాబీ రంగులో నున్నగా మెరుస్తుంది. పక్కనే శ్వాసనాళం నొక్కు కనిపిస్తుంది, గుండె దగ్గర గోడ కొట్టుకుంటూ ఉంటుంది. పిల్లిలో చివరి భాగంలో అడ్డంగా వలయాల్లాంటి మడతలు ఉంటాయి, అది జబ్బు కాదు. అక్కడ నునుపు కండరం ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. కుక్కలో మొత్తం చారల కండరమే కాబట్టి ఆ వలయాలు ఉండవు. చౌ చౌ, షార్ పేల్లో నల్ల మచ్చలుంటే కంగారుపడొద్దు. మెగా ఈసోఫేగస్‌ని (అన్నవాహిక వదులై వెడల్పైపోవడం) స్కోప్‌తో నిర్ధారించకండి. మత్తులో అన్నవాహిక ఎలాగూ వదులవుతుంది, దానికి మెలకువగా ఉన్నప్పుడు తీసిన ఎక్స్‌రేనే సరైనది.

దక్షిణాదిలో పనిచేసే వెట్ ఇక్కడ ప్రత్యేకంగా వెతకాల్సింది స్పైరోసెర్కా లూపి అనే పురుగు వల్ల వచ్చే గడ్డలు. పేడపురుగుల్ని తిన్న కుక్కల్లో, లేదా ఆ పురుగుల్ని తిన్న బల్లుల్నీ పక్షుల్నీ తిన్న కుక్కల్లో ఈ పురుగు బృహద్ధమని గోడ గుండా ప్రయాణించి అన్నవాహిక చివరి భాగంలో గడ్డ కడుతుంది. ఫామ్‌హౌస్ కుక్క, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వైపు తోటల్లో విడిచిపెట్టే కుక్క తిన్నది కక్కుతోందంటే ముందు ఇదే గుర్తుకు రావాలి. గడ్డ నున్నగా ఉబ్బి, మధ్యలో చిన్న రంధ్రంతో కనిపిస్తుంది, కొన్నిసార్లు ఎర్రటి పురుగు తోక బయటికి వేలాడుతుంది. ఎక్స్‌రేలో ఛాతీ వెన్నుపూసల కింది అంచు గరుకుగా ఉంటే అనుమానం బలపడుతుంది. గడ్డ పెద్దదై, పైన పుండుపడి, గోబీ పువ్వులా గరుకుగా మారితే సార్కోమాగా మారి ఉండొచ్చు. అప్పుడు పైపైన ఒకటి రెండు ముక్కలు తీస్తే చచ్చిపోయిన కణజాలమే వస్తుంది కాబట్టి ఒకే చోట లోతుగా మళ్లీ మళ్లీ తీయాలి. క్యాన్సర్ కాని గడ్డలకు డోరామెక్టిన్ ఇంజెక్షన్లు బాగా పనిచేస్తాయి. కోలీ జాతి కుక్కలకు మాత్రం జన్యు పరీక్ష లేకుండా ఇవ్వకండి. చికిత్స తర్వాత మళ్లీ స్కోప్ వేసి గడ్డ కరిగిందో లేదో చూడటం మంచి అలవాటు.

జీర్ణాశయం: గాలి ఎంత?

అన్నవాహిక చివర ద్వారం మూసుకుని, చీలికలా ఉంటుంది. దాని మధ్యకి గురిపెట్టి కొంచెం గాలి వదిలి మెల్లగా తోస్తే దాటుతుంది. ఎక్కువ బలం కావాల్సి వస్తోందంటే కోణం తప్పినట్టే.

లోపలికి రాగానే మడతలు కనిపిస్తాయి. గాలి ఆ మడతలు ఒకదాన్నుంచి ఒకటి విడిపడేంత వరకే. మడతలు పూర్తిగా చదునైపోయాయంటే ఎక్కువైంది. జీర్ణాశయం బాగా ఉబ్బితే డయాఫ్రమ్ మీద ఒత్తిడి పడి శ్వాస తగ్గుతుంది, గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గి బీపీ పడిపోతుంది. ముఖ్యంగా చిన్న పిల్లుల్లో ఇది నిమిషాల్లో జరుగుతుంది. పైగా ఉబ్బిన జీర్ణాశయంలో పైలోరస్ వైపు మలుపు ఇంకా వంకరగా అయిపోతుంది, మన పని మనమే కష్టం చేసుకున్నట్టు. మానిటర్ దగ్గరున్న మనిషి "బీపీ తగ్గుతోంది" అన్నారంటే మొదటి పని సక్షన్ నొక్కడం.

ఈ దశలో జీర్ణాశయమంతా తీరిగ్గా చూస్తూ కూర్చోకండి. నా సలహా: ఒక్క చూపు చూసి నేరుగా పైలోరస్‌కే వెళ్లండి. ఆలస్యమయ్యేకొద్దీ గాలి పెరుగుతుంది, దారి కష్టమవుతుంది. డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) ముక్కలు ముందు, జీర్ణాశయం పరిశీలన వెనక్కి వచ్చేటప్పుడు.

పైలోరస్ దాటడం

నేర్చుకునేవాళ్లందరికీ టెన్షన్ ఇక్కడే. పెద్ద వంపు వెంబడి మడతలు ఎటు పోతుంటే అటే వెళ్లండి, అవి ఏంట్రమ్ వైపు నడిపిస్తాయి. మడతలు ఆగిపోయి గోడ నున్నగా అయ్యిందంటే ఏంట్రమ్‌లోకి వచ్చారు. పైన అడ్డంగా ఒక అంచులా కనిపించేది ఇన్సిజురా. దానికి ఒకవైపు జీర్ణాశయం మధ్య భాగం, రెండో వైపు ఏంట్రమ్.

పెద్ద కుక్కల్లో ఒక విచిత్రం జరుగుతుంది. మీరు ముందుకి తోస్తుంటే తెర మీద పైలోరస్ దూరమవుతుంది. స్కోప్ మధ్యలో వంగి పెద్ద వంపుని సాగదీస్తోందని అర్థం. ఇంకా బలంగా తోయాలనిపిస్తుంది కానీ అది వద్దు. కొంత గాలి తీసేసి, స్కోప్ వెనక్కి లాగి వంపు తగ్గించి, మళ్లీ మెల్లగా వెళ్లండి. అవసరమైతే సహాయకుడు పొట్ట మీద బయటి నుంచి చేత్తో ఆసరా ఇవ్వొచ్చు.

పైలోరస్ కనిపించాక ఆగండి. కదలికలు అల మాదిరిగా వచ్చి దాని మీద మూసుకుంటాయి, తర్వాత క్షణం సేపు వదులవుతాయి. పచ్చటి పిత్తం నురగ బయటికి వస్తుంటే అదే ద్వారం, సందేహం అక్కర్లేదు. ద్వారాన్ని తెర మధ్యలోనే ఉంచుతూ దగ్గరికి వెళ్లండి. బొటనవేలు చిన్న చిన్న సవరణలు చేస్తూనే ఉండాలి. అల దాటగానే నెమ్మదిగా, ఒకే రకమైన ఒత్తిడితో తోయండి. తెర ఎర్రబడుతుంది, తర్వాత పచ్చగా మారుతుంది. ఆ సమయంలో కొద్దిగా గాలి తీస్తే స్కోప్ దానంతటదే జారుతుంది. ద్వారం దాటగానే డుయోడినం పదునుగా మలుపు తిరుగుతుంది. సాధారణంగా చివరని కిందికీ కుడికీ తిప్పితే దారి కనిపిస్తుంది. కనిపించకపోతే రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి వచ్చి మళ్లీ చూడండి.

ఎంతకీ వెళ్లకపోతే మూసి ఉన్న బయాప్సీ ఫోర్సెప్స్‌ని (ముక్కలు గిల్లే పనిముట్టు) కళ్లతో చూస్తూ పైలోరస్ గుండా పంపి, దాని మీదుగా స్కోప్‌ని జార్చే ప్రయత్నం చేయొచ్చు. అదీ కుదరకపోతే ఫోర్సెప్స్‌ని మాత్రమే లోపలికి పంపి కొన్ని ముక్కలు తీయొచ్చు. కనపడకుండా తీసినవని రిపోర్టులో రాయండి. చిన్న పిల్లుల్లో పావుగంటకి మించి పైలోరస్‌తో పోరాడకండి.

డుయోడినంలో ఏం చూడాలి

ఇక్కడి పొర సన్నటి నూగుతో, కొంచెం పసుపు కలిసిన గులాబీ రంగులో ఉంటుంది. తేలిగ్గా గీసుకుపోతుంది కాబట్టి స్కోప్ చేసిన గీతల్ని జబ్బనుకోకండి. లోపలికి వెళ్తూనే చూసి ఫోటోలు తీసుకోవాలనేది అందుకే. కుక్కలో పైలోరస్ దాటిన కొద్ది సెంటీమీటర్లకి పెద్ద పాపిల్లా (పిత్తం, క్లోమరసం నాళాలు తెరుచుకునే బుడిపె), ఇంకా ముందుకి చిన్నది కనిపిస్తాయి. పిల్లిలో సాధారణంగా ఒక్కటే. వాటి మీద మాత్రం ముక్క తీయొద్దు. కుక్కలో ఒక వైపు గోడ మీద పాలిపోయిన గుంటలు వరుసగా కనిపిస్తే అవి పేయర్స్ ప్యాచెస్ (పేగులో మామూలుగా ఉండే లింఫ్ కణజాలం), పుండ్లు కావు.

పొర మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలుంటే లింఫ్ నాళాలు ఉబ్బాయని అర్థం. అల్బుమిన్ తక్కువున్న కుక్కలో ఇది చాలా విలువైన ఆనవాలు. పొర గరుకుగా, ముట్టుకుంటే రక్తం కారేలా ఉంటే రాసుకోండి. ఏమీ లేకపోయినా ముక్కలు తీయండి.

బయాప్సీ: అసలు పని

ముక్కల సంఖ్య గురించి ఇప్పుడు ఒక స్పష్టత ఉంది. డుయోడినం నుంచి, జీర్ణాశయం నుంచి విడివిడిగా కనీసం ఆరేసి మంచి ముక్కలు కావాలి. అన్నీ మంచివి రావు కాబట్టి పదికి తక్కువ కాకుండా తీయడం నా పద్ధతి. జీర్ణాశయంలో ఏంట్రమ్, ఇన్సిజురా, మధ్య భాగం, కార్డియా (అన్నవాహిక కలిసే చోటు) వైపు అన్నిచోట్లా తీయాలి.

డుయోడినం సన్నటి గొట్టం కాబట్టి ఫోర్సెప్స్ గోడకి సమాంతరంగా వెళ్లి పైపైనే గిల్లుతుంది. లోతైన ముక్క కావాలంటే ఇలా చేయండి. ఫోర్సెప్స్ బయటికి తెచ్చి నోరు తెరిపించి, స్కోప్ చివరకి ఆనేదాకా వెనక్కి లాగండి. చివరని గోడ వైపు బాగా తిప్పండి. గాలి తీయండి, గోడ దానంతటదే ఫోర్సెప్స్ మీదికి వచ్చి కూర్చుంటుంది. కొంచెం ముందుకి నొక్కి, మూసి, గట్టిగా లాగండి. స్కోప్ మలుపులో ఉండగా ఫోర్సెప్స్ బయటికి రాకపోతే బలవంతం చేయకండి, చానల్ చిరిగిపోతుంది. స్కోప్‌ని నిటారుగా చేసి, ఫోర్సెప్స్ పంపి, తర్వాత వంచండి.

పుండు కనిపిస్తే అంచు నుంచే తీయాలి. నడి మధ్యలో తీస్తే రంధ్రం పడొచ్చు, వచ్చేది కూడా చచ్చిన కణజాలమే. మనుషుల డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ మాత్ర వేశారా అని ఓనర్‌ని మళ్లీ అడగాల్సిన సమయం అదే. ఇన్సిజురా దగ్గర, చిన్న వంపు మీద గట్టిపడి కదలని గోడ కనిపిస్తే కార్సినోమా అనుమానంతో ఒకే చోట పొర తర్వాత పొరగా తీయండి.

ఇప్పుడు టేబుల్ మీద పని. ఫోర్సెప్స్ నోట్లో ఉన్న ముక్క గసగసాల కంటే కాస్తే పెద్దగా ఉంటుంది, మెత్తగా వేలాడుతుంటుంది. దాన్ని ఫార్మలిన్ సీసాలో ఆడించి రాల్చే అలవాటు మానేయండి. నలిగి, ముడుచుకుని, ఏ వైపు పైనో తెలియకుండా పోతుంది. సన్నటి సూది మొనతో మెల్లగా ఎత్తి, సెలైన్‌తో తడిపిన క్యాసెట్ స్పాంజి మీద నూగు వైపు పైకి వచ్చేలా పరచండి. పొడి స్పాంజి మీద పెడితే ముక్క అతుక్కుని చిరుగుతుంది. పల్చటి కీరా దోసకాయ ముక్క మీద పరిచే పద్ధతి కూడా ల్యాబుల్లో ఉంది, అది బాగా పనిచేస్తుంది. తర్వాత 10 శాతం ఫార్మలిన్. డుయోడినానికి ఒక సీసా, జీర్ణాశయానికి వేరే సీసా, లేబుల్ మూత మీద కాదు, సీసా మీద. పాథాలజిస్ట్‌కి రెండు పంక్తుల చీటీతో సరిపెట్టొద్దు. ఎన్నాళ్లుగా జబ్బు, ఏ మందులు, స్కోప్‌లో ఏం కనిపించింది, మన అనుమానం ఏమిటి, అన్నీ రాయండి.

పిల్లుల్లో చిన్న కణాల లింఫోమా, పేగు వాపు ఒకదానికొకటి చాలా దగ్గరగా కనిపిస్తాయి. లింఫోమా తరచూ స్కోప్ అందని జెజునం, ఇలియంలలో (చిన్నపేగు మధ్య, చివరి భాగాలు) ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో అక్కడ గోడ మందంగా ఉంటే పైనుంచి మాత్రమే చూసి ఊరుకోవద్దు. కింది నుంచి కొలనోస్కోపీ చేసి ఇలియం ముక్కలు తీయడమా, సర్జరీయా అన్నది ఓనర్‌తో ముందే మాట్లాడాలి.

ఇవన్నీ అయ్యాక జీర్ణాశయాన్ని తీరిగ్గా చూడండి. ఇన్సిజురా దగ్గర చివరని పూర్తిగా పైకి వంచితే స్కోప్ జె ఆకారంలో వెనక్కి తిరుగుతుంది. ద్వారం గుండా వస్తున్న మీ స్కోప్ మీకే కనిపిస్తుంది. ఈ చూపు లేకుండా కార్డియా, ఫండస్ (జీర్ణాశయం పైనున్న గుమ్మటం లాంటి భాగం) చూసినట్టు కాదు. ఫైసలోప్టెరా పురుగులు కనిపిస్తే ఫోర్సెప్స్‌తో అప్పుడే తీసేయొచ్చు.

మింగిన వస్తువులు

అన్నవాహికలో ఇరుక్కున్నదేదైనా అత్యవసరం, తెల్లవారేదాకా ఆగకండి. గోడ మీద ఒత్తిడి గంటగంటకీ దాన్ని చంపేస్తుంది. బటన్ బ్యాటరీ అయితే మరీ తొందర, కొన్ని గంటల్లోనే కాల్చేస్తుంది. మటన్ బొమికలు ఎక్కువగా ఇరుక్కునేది మూడు చోట్ల: ఛాతీ మొదట్లో, గుండె దగ్గర, డయాఫ్రమ్‌కి ముందు. ఎక్స్‌రేలో అన్నవాహిక బయట గాలి కనిపిస్తే రంధ్రం పడిందని అర్థం, స్కోప్ గాలి వదిలితే ఛాతీలో నిండి ప్రాణం తీస్తుంది. ఆ కేసు సర్జరీదే.

బొమిక దగ్గరికి వెళ్లాక వెంటనే పట్టుకోవద్దు. చుట్టూ ఎక్కడ గుచ్చుకుందో చూడండి. గాలితో గోడని విడదీసి, పళ్లున్న ఫోర్సెప్స్‌తో పట్టి, ముందు కొంచెం వెనక్కి నెట్టి లేదా తిప్పి గుచ్చుకున్న కొనని విడిపించాలి. తర్వాత స్కోప్‌కి ఆనించి రెండూ కలిపి బయటికి తేవాలి. గొంతు దగ్గర మెడ బాగా చాచండి. పైకి రాకపోతే జాగ్రత్తగా జీర్ణాశయంలోకి నెట్టొచ్చు, అక్కడ బొమిక చాలాసార్లు కరిగిపోతుంది. కరగకపోయినా జీర్ణాశయం కోసి తీయడం అన్నవాహిక కోయడం కంటే వందరెట్లు నయం.

కాసిమేడు, పట్టినపాక్కం వైపు తీరంలో తిరిగే కుక్కలు చేప వాసనకి గాలం మింగేస్తాయి. దారం నోట్లోంచి వేలాడుతుంటే లాగొద్దని, కత్తిరించొద్దని ఫోన్లోనే చెప్పండి. ఆ దారమే మనకి దారి చూపిస్తుంది. సూదులు, గాలాలు పట్టేటప్పుడు మొన వెనకవైపు ఉండేలా, మొద్దు వైపు ముందు వచ్చేలా తేవాలి. ఓవర్‌ట్యూబ్ (స్కోప్ మీద తొడిగే గొట్టం) ఉంటే మొనని దాని లోపలికి లాగేసుకుంటే గోడకి గీత పడదు.

పిల్లి వాంతులతో వస్తే మత్తులో మొదట నాలుక కింద చూడండి. దారం అక్కడ చుట్టుకుని మిగతాది పేగులో ఉంటే, పైనుంచి లాగితే పేగు కుచ్చెళ్లు పడి కోసుకుపోతుంది. పైలోరస్ గుండా బిగుసుకున్న దారాన్ని స్కోప్‌తో లాగకండి, నేరుగా సర్జరీకి.

వేసవిలో మామిడి టెంకలు. నున్నగా ఉంటాయి కాబట్టి ఫోర్సెప్స్‌కి చిక్కవు, బాస్కెట్ లేదా స్నేర్ (ఉచ్చులాంటి తీగ) కావాలి. పొడవు వైపు స్కోప్‌తో వరుసలోకి వచ్చేలా తిప్పి ద్వారం దాటించాలి. ద్వారం దగ్గర కొద్దిగా గాలి వదిలి, తొందరపడకుండా, ఒకే ఒత్తిడితో. రాదనిపిస్తే ఆపండి. టెంక పేగులోకి వెళ్లిపోయి ఇరుక్కుంటే స్కోప్‌తో పని లేదు.

వస్తువు తీశాక మళ్లీ లోపలికి వెళ్లి గోడ చూడాలి. ఒకచోట రెండో వస్తువు ఉండొచ్చు, కింద లోతైన గాయం ఉండొచ్చు.

బయటికి వచ్చేటప్పుడు

జీర్ణాశయంలో గాలి మొత్తం తీసేయండి. అన్నవాహికలో చేరిన ద్రవాలు సక్షన్ చేస్తూ బయటికి రండి. జంతువు మింగడం మొదలుపెట్టేదాకా ట్యూబ్ తీయొద్దు, కఫ్ కొంచెం నిండి ఉండగానే తీయండి. పొట్ట ఉబ్బుతోందా, ఊపిరి కష్టమవుతోందా చూస్తూ ఉండాలి. గాయం ఉన్న కేసుల్లో ఒక ఎక్స్‌రే తప్పనిసరి.

స్కోప్ శుభ్రం

బయటికి తీసిన వెంటనే, టేబుల్ దగ్గరే, పైన తుడిచి చానల్ గుండా ఎంజైమ్ ద్రావణం లాగండి. ఎండిపోతే ఆ మురికిని ఏ రసాయనం కరిగించలేదు. తర్వాత లీక్ టెస్ట్, దాని తర్వాతే నీళ్లలో ముంచడం. లీక్ ఉన్న స్కోప్‌ని ముంచితే రిపేరు ఖర్చు కొత్త పరికరమంత అవుతుంది. చానళ్లన్నీ బ్రష్ శుభ్రంగా బయటికి వచ్చేదాకా రుద్దాలి. ఆపై గ్లూటరాల్డిహైడ్ లేదా ఆర్థో థాలాల్డిహైడ్‌లో సీసా మీద రాసిన సమయం పూర్తిగా నానబెట్టి, బాగా కడిగి, 70 శాతం ఆల్కహాల్ పంపి, గాలితో ఆరబెట్టాలి. గ్లూటరాల్డిహైడ్ కళ్లకీ ఊపిరికీ మంచిది కాదు, కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకుని చేయించండి. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్కోప్‌ని పెట్టెలో చుట్టి పెట్టకండి, గాలాడే అలమరాలో నిటారుగా వేలాడదీయండి.

ఇంటికి పంపేటప్పుడు

పూర్తిగా మెలకువ వచ్చాక కొద్దిగా నీళ్లు, తర్వాత మెత్తటి అన్నం తక్కువ పరిమాణంలో. అన్నవాహికలో గాయం ఉంటే ఒమెప్రజోల్ కిలోకి 1 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, నీళ్లలో కలిపిన సుక్రాల్‌ఫేట్ కూడా. మిగతా మందులకీ సుక్రాల్‌ఫేట్‌కీ మధ్య రెండు గంటలు తేడా ఉంచమని కాగితం మీద రాసివ్వండి. ఒకటి నుంచి మూడు వారాల్లో తిన్నది తిన్నట్టు కక్కడం మొదలైతే మచ్చకట్టి దారి సన్నబడిందేమోనని అనుమానించి వెంటనే రమ్మనండి, తొందరగా వస్తే బెలూన్‌తో వెడల్పు చేయడం సులువు.

పిల్లికి డాక్సీసైక్లిన్ మాత్ర రాస్తే, వేసిన వెంటనే సిరంజితో 5, 6 మి.లీ. నీళ్లు లేదా ఒక ముద్ద తిండి పెట్టాలని చేసి చూపించి పంపండి. పొడి మాత్ర అన్నవాహికలో ఆగి కాల్చితే, మచ్చకట్టిన దారితో అదే పిల్లి మళ్లీ మన టేబుల్ మీదికి వస్తుంది. ఊపిరి ఆడకపోవడం, పొట్ట ఉబ్బడం, జ్వరం, నల్లటి విరేచనం ఏది కనిపించినా రాత్రైనా ఫోన్ చేయమనండి. నెల్లూరు నుంచి వచ్చినవాళ్లయితే అక్కడి దగ్గరలోని డాక్టర్ నంబర్ అడిగి, రిపోర్టు కాపీ వాళ్లకి కూడా పంపండి. బయాప్సీ ఫలితం రావడానికి రోజులు పడుతుంది, అప్పటిదాకా స్టెరాయిడ్ మొదలుపెట్టొద్దని ఆ డాక్టర్‌కీ ఒక మాట చెప్పండి.